ఫ్లెక్సీ కట్టాం, పేటెంటు పోయింది

పాసయ్యానండి! పేటెంట్ ఏజెంట్ పరీక్ష పాసయ్యాను. రిజల్ట్ చూడగానే ముందు నాన్నకి ఫోన్ చేశాను. చెరువు గట్టు మీద ఏరియేటర్ల మోతలో ఆయనకి "పాస్" అన్న ముక్క ఒక్కటే వినపడింది. దేనికి పాసయ్యానో అడక్కుండానే "దేవుడున్నాడమ్మా" అన్నాడు. తర్వాత మా పిన్నికి చేశాను. పిన్ని అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"అంటే ఇప్పుడు నువ్వు లాయరువా?"

"కాదు పిన్నీ."

"మరి ఇంజనీరువి కాదేంటి?"

"అది ఎలాగూ ఉంది. ఎవరైనా కొత్తగా ఏదైనా కనిపెడితే, ఇది వీళ్లదే అని గవర్నమెంటు దగ్గర రాయించిపెట్టే పని ఇది."

"రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాసేవాళ్లలాగా?"

"దాదాపు అంతే."

"హమ్మయ్య, ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక ముక్క దొరికింది" అంది. "పొలానికి రాస్తారు, స్థలానికి రాస్తారు, బుర్రలో పుట్టినదానికి కూడా రాస్తారన్నమాట. మరి ఆ రోజు మీ బాబాయి ఆ ఫ్లెక్సీ కట్టకుండా ఉంటే, మేత మెషీను మన పేరునే ఉండేదా?"

"ఉండేదేమో పిన్నీ."

"ఆ మాట ఆయన దగ్గర మాత్రం మళ్లీ అనకు" అంది.

అననండి. కానీ ఇవాళ సంతోషంలో నాకు ఎవరికో ఒకరికి మొదట్నించీ చెప్పాలని ఉంది.

మాది పెనుగొండకీ భీమవరానికీ మధ్య ఊరు. మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు. నాన్న పక్కూరి ఆసామి గారి రొయ్యల చెరువుల మీద మేత వేసేవాడు. కొన్నాళ్లకి చిన్న చెరువొకటి కౌలుకి తీసుకున్నాడు. బాబాయి, అంటే నాన్న తమ్ముడు, మెయిన్ రోడ్డు మీద వెల్డింగ్ కొట్టు పెట్టుకుని, చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు చేసేవాడు. నా చిన్నతనమంతా చెరువు గట్టుకీ కొట్టుకీ మధ్య సైకిలు మీద గడిచిపోయింది.

చెరువు చూడనివాళ్లకి ఒక మాట చెప్పాలి. వరిచేను అయితే గట్టు మీద నిలబడి చూస్తే తెలిసిపోతుంది, ఎలా ఉందో. రొయ్యల చెరువులో పంట కనపడదు, నీళ్లే కనపడతాయి. అడుగున అవి తిన్నాయో, ఇంకా ఆకలితో ఉన్నాయో పైనున్నవాడికి తెలీదు. మేత తక్కువైతే ఎదగవు. ఎక్కువైతే మిగిలింది కుళ్లి, నీళ్లు పాడై, జబ్బు పడతాయి. అందుకని చెక్ ట్రే ఉంటుంది. సన్నటి వల బిగించిన పళ్లెం అన్నమాట. అందులో కాస్త మేత పెట్టి తాడుతో నీళ్లలోకి దించుతారు. కాసేపాగి పైకి లాగితే ఎంత మిగిలిందో కనపడుతుంది. దాన్నిబట్టి తర్వాతి పూట ఎంత వెయ్యాలో తేల్చుకుంటారు.

సెలవలొస్తే ఆ ట్రే ఎత్తే ఉద్యోగం నాది. నాన్న థర్మోకోల్ తెప్ప మీద నిలబడి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కట్టిన తాడు ఒక చేత్తో లాక్కుంటూ, రెండో చేత్తో మేత జల్లుకుంటూ వెళ్లేవాడు. ఆ జల్లడంలో ఒక అందం ఉండేదండి. చెయ్యి తిప్పితే గింజలన్నీ విసనకర్రలా విచ్చుకుని నీళ్ల మీద పడేవి, సన్నటి వాన మొదలైనట్టు చప్పుడయ్యేది. నేను గట్టు మీంచి ట్రే ఎత్తి అరిచేదాన్ని: "నాన్నా, అడుగంటింది!" "రెక్కలేమైనా ఉన్నాయా చూడు!" అనేవాడు. రెక్కలంటే రొయ్యలు విడిచిన పైపొర. ఎండెక్కేసరికి ఇద్దరం మకాం దగ్గర, అదే, గట్టు మీది కాపలా పాకలో కూర్చుని చద్దన్నం తినేవాళ్లం. నాన్న చొక్కాకి ఎప్పుడూ మేత వాసనే, ఎండుచేపల వాసన లాంటిది. ఇంటర్లో బస్సెక్కితే నా బ్యాగుకీ అదే వాసన ఉందేమోనని సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు హైదరాబాదు రూములో ఆ వాసన కోసం వెతుక్కుంటున్నాను, దొరకదు.

ఇంకో సంగతి. మా దగ్గర ఎవరి చెరువు ట్రే ఎవరైనా ఎత్తి చూడొచ్చు. గట్టున పోయేవాడు ఆగి, మన తాడు లాగి, మిగిలిన మేత వేళ్లతో నలిపి చూసి, "ఏంటండీ, నిన్న ఎక్కువేశారా?" అని మనకే చెప్పి వెళ్తాడు. ఎవరూ ఏమీ అనుకోరు. ట్రే చూపించనివాడి గురించే ఊరంతా చెప్పుకుంటారు, "వాడి చెరువులో ఏదో ఉంది" అని. దాచుకోవడమంటే అనుమానం, చూపించుకోవడమంటే మర్యాద. ఆ అలవాటులో పెరిగాం అందరం. ఈ కథంతా అక్కడే ఉంది.

బీటెక్ ఆఖరి సంవత్సరంలో ప్రాజెక్టు చెయ్యాలన్నారు. నాతోటివాళ్లు లైబ్రరీ పుస్తకాల లెక్కలూ, క్లాసు అటెండెన్సులూ తీసుకున్నారు. నేను బాబాయి దగ్గరికెళ్లాను. అప్పటికి ఆయన మేత వేసే డ్రమ్ము ఒకటి తయారు చేసి ఉన్నాడు. స్టాండు మీద డ్రమ్ము, కింద తిరిగే పళ్లెం, పక్కన టైమరు. టైమయ్యేసరికి పళ్లెం తిరిగి మేత జిమ్ముతుంది.

"పని చేస్తోందిగా బాబాయ్" అన్నాను.

"చేస్తోంది గానీ, గడియారం చూసి అన్నం పెట్టేది అత్తగారు, ఆకలి చూసి పెట్టేది అమ్మ. ఇది అత్తగారమ్మా" అన్నాడు.

పిన్ని లోపల్నించి బాబాయితో, "మీ అమ్మ వింటే తెలుస్తుంది" అంది.

ఆ అత్తగారిని అమ్మని చెయ్యడమే నా ప్రాజెక్టు. ట్రే పైకి తేలే చోట, నీళ్లు తగలనంత ఎత్తులో ఒక పాత ఫోను బిగించాం. కారు వైపరు మోటారొకటి పెట్టి ట్రే దానంతటదే పైకొచ్చేలా చేశాడు బాబాయి. పైకి రాగానే ఫోను ఫోటో తీస్తుంది. మిగిలిన మేత ఎంతో నా ప్రోగ్రాం చూసుకుని, డ్రమ్ముకి ఎక్కువ జిమ్మమనో తక్కువ జిమ్మమనో చెప్తుంది. చెప్పడానికి ఇంతే. కానీ ఆ వర్షాకాలం మొత్తం నాన్నా నేనూ గొడుగు కింద నిలబడి ట్రేల ఫోటోలు తీశాం. ఒక్కో ఫోటోకీ నాన్న "తగ్గించు", "చాలు", "పెంచు" అని చెప్పేవాడు, నేను ఎక్కించుకునేదాన్ని. కాలేజీలో ఏ మాస్టారి పక్కనా నేను అంతసేపు నిలబడలేదు. నాన్నతో అంత కబుర్లు చెప్పుకున్నదీ అప్పుడే. తెప్ప మీద ఉండే మనిషితో అరుపులే గానీ కబుర్లు కుదరవు కదా.

మొదటిరోజు నడిపినప్పుడు ఒక తూనీగ వచ్చి ట్రే మీద వాలింది. ప్రోగ్రాం దాన్ని చూసి మేత మిగిలిపోయిందనుకుని జిమ్మడం ఆపేసింది. బాబాయి మూడు ఊళ్లకి వినపడేలా నవ్వాడు. "నీ కంప్యూటరు తూనీగని చూసి రొయ్యలకి ఏకాదశి చేయించిందే!" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పాడు. తర్వాత సర్దుకుంది లెండి. ఆ పంటకి నాన్న చెరువులో మేత కలిసొచ్చింది, నీళ్లు కూడా ఆఖరి దాకా బాగున్నాయి. పట్టుబడి రోజు వల లాగుతుంటే నాన్న మొహం చూడాలి!

ఇంక బాబాయి ఆగుతాడా? నా డిగ్రీ, ఆయన మెషీను, రెండూ కలిపి మకాం దగ్గర భోజనాలు పెట్టాడు. పెనుగొండలో ఫ్లెక్సీ కొట్టించాడు. ఊరి సెంటర్లో రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టించాడు. ఎడమ పక్క నేను, స్టూడియో నుంచి అద్దెకి తెచ్చిన నల్ల గౌనులో. నా పక్కన నాకంటే పెద్దగా బాబాయి, కూలింగ్ గ్లాసులు పెట్టుకుని. కింద వరసగా బంధువులందరి మొహాలూ, పైన భోజనాల తేదీ. కుడి పక్క ఖాళీ మిగిలిపోయిందట. ఫ్లెక్సీ షాపాయన "ఖాళీ ఉంటే కళ ఉండదండి, ఏదోటి పడాలి" అన్నాడట. బాబాయి నా ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చాడు. ఆయన అందులో చూడ్డానికి బావున్న పేజీ ఏదా అని వెతికి, బొమ్మ ఉన్న పేజీ ఎత్తి పెట్టేశాడు. ట్రే, ఫోను, ప్రోగ్రాం, మోటారు, ఒకదాన్నించి ఒకదానికి బాణాలు. కింద ఏది తర్వాత ఏది జరుగుతుందో మొత్తం. బాణాలకి ఎర్ర రంగు, పచ్చ రంగు కూడా వేశాడు.

ఎంత గొప్పగా ఉందో! సెంటర్లో బస్సు దిగి అది చూసినప్పుడు నా కాళ్లు నేల మీద లేవు. అమ్మ చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

భోజనాల రోజు రొయ్యల వేపుడు, చింతచిగురు పప్పు, పిన్ని ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు. తిన్నవాళ్లు తిన్నట్టే చెయ్యి కడుక్కుని వచ్చి మెషీను చుట్టూ మూగారు. బాబాయి కొట్టుకి ఎదురుగానే ఇంకో వెల్డింగ్ కొట్టుంది. ఆ కొట్టాయన బాబాయికి వరసకి బావ, నాకు మావయ్య. ఆయన ఏకంగా డ్రమ్ములోకి తల దూర్చేశాడు.

"మొహమాటపడకు బావా, పూర్తిగా చూడు" అని బాబాయే బోల్టులు విప్పి చూపించాడు.

పంట తిరక్కుండానే ఎదురు కొట్టులో అచ్చం అలాంటి డ్రమ్ము తయారైంది. "నా భోజనం తిని నా డ్రమ్మే చేస్తాడా!" అని బాబాయి ఆ రోజునుంచి ఆయనతో మాట మానేశాడు.

నాకు హైదరాబాదులో పేటెంట్లు వెతికే ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. పేటెంటంటే ఏంటో చేరాకే తెలిసింది నాకు. మా మేడం మొదటి వారం క్లాసు చెప్తూ, "కొత్తది అని ఎప్పుడంటాం? ప్రపంచంలో ఎక్కడా, ఏ భాషలోనూ ముందు బయటపడనిది అయితేనే" అన్నారు.

నేను చెయ్యెత్తాను. "కనిపెట్టినవాళ్లే బయటపెట్టేస్తే మేడం?"

"అయినా పాతబడిపోయినట్టే. అప్లికేషన్ పెట్టకముందు నోరు విప్పకూడదు. ఏవో చిన్న మినహాయింపులున్నాయి, వాటిని నమ్ముకోకూడదు."

"ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కడితే?"

క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు. "ఫ్లెక్సీ మీద ఏముంది?" అన్నారు. చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "బాణాలతో సహానా?" అన్నారు.

ఆ రోజు బాబాయికి ఫోన్ చెయ్యాలనిపించలేదు. అయిపోయిన పెళ్లికి మేళం ఎందుకని ఊరుకున్నాను. తర్వాత ఆయనే చేశాడు.

అప్పటికి కొట్టు పరిస్థితి బాలేదు. బయట దేశాల నుంచి మేత మెషీన్లు భీమవరం షాపుల్లోకి వచ్చేశాయి. పెయింటు మెరుస్తూ, యాప్‌తో సహా. బాబాయికి రిపేర్లే మిగిలాయి. ఆయన దగ్గర పనిచేసే కుర్రాళ్లు ఒక్కొక్కరే వేరే పనులకి వెళ్లిపోయారు. ఈ పంట చూసి కొట్టు మూసేసి నాన్నతోపాటు చెరువు మీదికి వచ్చేస్తానని అంటున్నాడని అమ్మ చెప్పింది. అలాంటి టైములో చెన్నై నుంచి ఎగుమతులు చేసే ఒకాయన వచ్చి, నాన్న చెరువు మీద మెషీను నడవడం చూశాడు. ఇండోనేషియాలో చిన్న రైతులకి ఇలాంటిదే కావాలి, పెద్ద కంపెనీల మెషీను వాళ్లు కొనలేరు, ఒక లోడు చేసిస్తావా అన్నాడు. కొట్టు నిలబడాలంటే ఆ ఆర్డరు రావాలి. కానీ ఆయన ఒక మెలిక పెట్టాడు. ఆ దేశంలో ఎవరి పేటెంటూ దీనికి అడ్డం రాదని రాసివ్వాలి.

"అదేదో నువ్వు చేసే పనేగా అమ్మడూ? ఓ ముక్క రాసి పడెయ్" అన్నాడు బాబాయి.

వెతికాను. దొరికిందండీ, దొరక్కూడనిది. విదేశీ కంపెనీ ఒకటి ఇండోనేషియాలో పెట్టిన అప్లికేషన్. ట్రే ఫోటో తీసి, మిగిలిన మేత లెక్కకట్టి, మోటారుకి చెప్పే పద్ధతి. ఇంగ్లీషులో పేజీలకి పేజీలు. మన పెరట్లో కాసిన బీరకాయని వేరేవాళ్ల గంపలో చూసినట్టు ఉండిపోయాను.

బాబాయికి చెప్పగానే "దొంగెధవలు!" అన్నాడు.

"దొంగతనం కాదు బాబాయ్. వాళ్లు మన ఊరే చూసుండరు. మనకి తట్టినట్టే వాళ్లకీ తట్టింది. తట్టగానే వాళ్లు నోరు మూసుకుని అప్లికేషన్ పెట్టారు. మనం ఫ్లెక్సీ కట్టాం."

అవతల గ్రైండరు చప్పుడు ఆగిపోయింది.

"అయితే ఇక్కడ కూడా చెయ్యకూడదా?" అన్నాడు చివరికి.

"ఇక్కడ చెయ్యొచ్చు. వాళ్లు మన దేశంలో పెట్టలేదు."

"అదేంటి? అదే డ్రమ్ము, అదే ఫోను. ఇక్కడ మంచిదీ, ఓడెక్కితే దొంగదీనా?"

ఆయన అడిగింది నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను. పేటెంటు ఏ దేశానికి ఆ దేశం కంచె. మన దగ్గర ఉత్త ప్రోగ్రాంకి పేటెంటు ఇవ్వరు. మెషీనుతో కలిసి కొత్త పనేదో సాధించిందని చూపిస్తేనే చూస్తారు. కొన్ని దేశాల్లో తలుపు ఇంతకంటే బార్లా తెరిచి ఉంటుంది. డబ్బూ లాయర్లూ ఉన్న కంపెనీ అమ్ముకోబోయే ప్రతి దేశంలోనూ ముందే కంచె వేసుకుంటుంది. మేత మెషీను కదా, ఇనుము కదా అనుకుంటాం. ఇనుము ఎవరైనా వంచుతారు. విలువంతా ఆ చిన్న ప్రోగ్రాంలోకి వెళ్లిపోయింది, కంచె కూడా దాని చుట్టూనే.

ఇది మెషీన్లు చేసేవాళ్ల గొడవతో ఆగదు. మా రొయ్య అమెరికా వెళ్తుంది. ఈక్వెడార్ రొయ్యా అక్కడికే వెళ్తుంది. వాళ్ల పెద్ద పెద్ద చెరువుల్లో మెషీన్లే మేత వేస్తాయని, అందుకే తక్కువ ధరకి ఇవ్వగలుగుతున్నారని మా దగ్గర రైతులు టీ కొట్ల దగ్గర చెప్పుకుంటారు. అక్కడ ధర తగ్గిందంటే ఇక్కడ నాన్న పట్టుబడి రోజు కొనేవాడు మొహం పక్కకి తిప్పుకుంటాడు. చవగ్గా మంచి మెషీను ఎవరికి దొరుకుతుంది, ఎవరికి దొరకదు అన్నది ఎక్కడో ఆఫీసులో కాగితం మీద తేలుతోంది. కనిపెట్టినవాళ్లకి ఫలం దక్కద్దా అంటే, దక్కాలి. నా ఉద్యోగమే అది. కానీ ఒక కంచె వెడల్పెంత ఉండాలో తేలేలోపు, ఎంతమంది బాబాయిల కొట్లు మూతపడతాయో కూడా ఎవరైనా చూడాలి కదండీ.

మేడంకి అంతా చెప్పాను. ఆవిడ ఆ అప్లికేషను తేదీ చూసి, "మీ ఫ్లెక్సీ దీనికంటే ముందా, తర్వాతా?" అన్నారు.

"ముందే మేడం."

"అది ఇంకా పరిశీలనలోనే ఉంది. ఇప్పుడు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. మీ పేటెంటు పోగొట్టిన ఫ్లెక్సీ వాళ్లదీ పోగొడుతుంది. తీసుకురా."

తీసుకురా అంటే ఎక్కణ్ణించి తెస్తాను? శనివారం ఊరెళ్లి ఫోటోలన్నీ వెతికాం. బోలెడున్నాయి. అన్నిట్లోనూ కుడి పక్క బొమ్మ దగ్గరే జనం నిలబడ్డారు! అక్కడ మొహాలు లేవు కాబట్టి అది ఖాళీ స్థలం కింద లెక్క. ఒక ఫోటోలో అమ్మ తల వెనక బాణం కొస ఒక్కటి కనపడింది. ఫ్లెక్సీ షాపాయన "ఎలక్షన్ల ముందు సిస్టం ఫార్మాట్ కొట్టించేశానండి" అన్నాడు.

మా వైపు పాత ఫ్లెక్సీలు పారెయ్యరు. ధాన్యం రాశుల మీద కప్పుతారు, పాకల మీద వేస్తారు. నాన్నా, బాబాయీ, నేనూ ఇంటింటికీ తిరిగాం. ఊళ్లో ఎవరి పాక మీద ఎవరి పెళ్లి ఉందో మొత్తం తెలిసింది. పుట్టినరోజులు, సంతాపాలు, ఎప్పటివో కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. చివరికి కాలవ గట్టున ఒక ముసలమ్మ గేదెల పాకలో నాన్న తల పైకెత్తి "ఇదిగో!" అన్నాడు. అచ్చు లోపలి వైపుకి పెట్టి వేసింది ఆవిడ, అందుకే ఎండకి వెలిసిపోలేదు. గేదె మీద బాబాయి కూలింగ్ గ్లాసులు, దూడ మీద నా బాణాలు.

"తీసుకుపోతే వానొస్తే నా గేదెలు తడవ్వా?" అంది ఆవిడ.

"కొత్త టార్పాలిన్ పట్టా వేయిస్తానండి" అన్నాడు బాబాయి.

"పట్టా ఏం చేసుకోను? అమ్మాయి బొమ్మున్నదే బావుంది. రోజూ చూసుకుంటున్నాను." నాన్న పట్టా తెచ్చి కప్పి, తాళ్లు బిగించాకే ఒప్పుకుంది.

ఆఫీసులో నేల మీద పరిచాం. పేడ వాసన ఏసీలోకి పాకింది. మేడం చెప్పులు విడిచి దాని మీద నడుస్తూ ఒక్కో ముక్కా చదివించుకున్నారు, ఇంగ్లీషులోకి మార్చడానికి. కింద వరస దగ్గర ఆగారు.

"ఇంతమందా? వీళ్లంతా కనిపెట్టినవాళ్లా?"

"బంధువులు మేడం."

"ఏం చేశారు వీళ్లు?"

"ఏం చెయ్యలేదు మేడం. మొహం వెయ్యకపోతే బాధపడతారు."

అదీ రాశారు, "శుభాకాంక్షలు తెలిపినవారు" అని. ఫ్లెక్సీ షాపాయనా, భోజనానికొచ్చిన ఆసామి గారూ తాము చూసింది ఇదేనని సంతకాలు చేసిచ్చారు. మేడం ఇండోనేషియాలో తెలిసిన లాయరు ద్వారా పంపించారు. తర్వాత ఎదురుచూపులు. చెన్నై ఆయన వారం వారం ఫోన్ చేసేవాడు, బాబాయి నాకు చేసేవాడు, నేను మేడం మొహం చూసేదాన్ని.

జవాబు వచ్చింది. ట్రే ఫోటో తీసి మేత తేల్చే పద్ధతి ముందే బయటపడింది కాబట్టి ఆ మేరకు ఇవ్వం అన్నారు. కంపెనీ తన కోరికని కుదించుకుంది. నీళ్లలో పెట్టే ఇంకేదో పరికరానికి మాత్రం అడుగుతోంది, అది నిజంగా వాళ్లు చేసిందే. మా డ్రమ్ము దాని జోలికి పోదు. మేడం సంతకం పెట్టి రాసిచ్చారు. మొదటిసారి ఆఫీసులో ఎగిరి గంతేశాను.

బాబాయి ముందు "జై!" అన్నాడు. తర్వాత ఏదో తట్టినట్టుంది.

"వాళ్లది కాదు సరే. అయితే మనదేనా?"

"మనదీ కాదు బాబాయ్. ఎవరైనా చేసుకోవచ్చు."

"ఎవరైనా అంటే... ఎదురు కొట్టువాడు కూడానా?"

"ఆయన కూడా."

"అయితే మనం గెలిచినట్టా, ఓడినట్టా?"

"దారికడ్డం తొలిగింది. దారి మన పేరు మీద లేదు."

ఇంతలో చెన్నై ఆయన లోడు మొత్తం వచ్చే పంట మొదలయ్యేలోపు కావాలన్నాడు, లేకపోతే వేరేచోట చూసుకుంటానన్నాడు. బాబాయి ఒక్కడు. మనుషుల్లేరు. లెక్కేసుకుంటే సగం కూడా అవ్వవు. నేను ఊరెళ్లేసరికి కొట్టు ముందు కుర్చీలో కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాడు. రోడ్డుకి అవతల మావయ్య కొట్లో నిప్పురవ్వలు లేస్తున్నాయి, ఇద్దరు కుర్రాళ్లు పని చేస్తున్నారు.

పిన్ని టీ తెచ్చిచ్చి, "ఇండోనేషియా దాకా వెళ్లొచ్చారు. ఆ రోడ్డు దాటడానికి ఏ పేపర్లు కావాలంట?" అంది.

బాబాయి టీ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. లుంగీ సర్దుకుని లేచాడు. నేనూ వెనకాలే వెళ్లాను, ఎక్కడ గొడవవుతుందోనని.

మావయ్య మొహానికి అడ్డంగా ఉన్న వెల్డింగ్ షీల్డు ఎత్తకుండానే, "ఏం బావా, దారి తప్పావా?" అన్నాడు.

"డ్రమ్ములు చెయ్యాలి. సగం నువ్వు చెయ్యి."

"నీ డ్రమ్ములా, నా డ్రమ్ములా?"

"ఎవరివీ కావంట. మా అమ్మాయి చెప్పింది."

మావయ్య నా వైపు చూశాడు. తలూపాను. "అయితే డ్రమ్ముని స్టాండుకి బిగించే క్లాంపు మాత్రం నాది పెడదాం. నీది గాలికి వదులవుతుంది. నేను మార్చాను" అన్నాడు.

"తెలుసు. చూశాన్లే."

"ఎప్పుడు చూశావ్?"

"నువ్వు భోజనానికెళ్లినప్పుడు."

మావయ్య షీల్డు తీసి పక్కన పెట్టాడు. "అడిగితే చూపించేవాణ్ణిగా!"

"మనం మాట్లాడుకోడం లేదుగా మరి" అన్నాడు బాబాయి, అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చుంటూ. ఆ క్లాంపు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నా వైపు చూశాడు. "అమ్మడూ, ఆ చెన్నై ఆయనకి ఫోన్ చేసి చెప్పు. టైముకి వస్తాయని."